అమ్మ ఎంచుకున్న గది

అమ్మ ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటికి మన దేశం నుంచి వచ్చి ఐదు వారాలైంది. ఐదు వారాల్లో ఒక్కరోజు కూడా కంటినిండా నిద్రపోలేదు. నాన్న పోయి అప్పటికి తొమ్మిది నెలలు. గది మార్చి చూశాను, దిండు మార్చి చూశాను, మందులూ ఇచ్చాను. నేను డాక్టర్ని, ఊళ్ళోవాళ్ళందరికీ నిద్రమాత్రలు రాస్తాను, కన్నతల్లి దగ్గర మాత్రం నా వైద్యం పారలేదు. పొద్దున్నే వంటింట్లో ఎర్రబడ్డ కళ్ళతో కూర్చుని "పడుకున్నానే, బాగానే పడుకున్నా" అని అబద్ధం చెబుతుంటే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

"చోటు మారితే పడుతుందేమో, ఎక్కడికైనా తీసుకెళ్ళు" అన్నారు మా ఆయన. ఆయనకి సెలవు దొరకలేదు. కిల్కెన్నీ ఊరి అవతల విక్టోరియా రాణి కాలం నాటి బంగళా ఒకటుంది, ఇప్పుడు రాత్రి బసా, పొద్దున టిఫినూ ఇచ్చే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ చేశారు. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, ఇత్తడి మంచాలు, కిటికీ బయట పచ్చిక. ఫొటోలదేముంది, పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే. అమ్మ ఒక్క రాత్రి నిద్రపోతే అదే పదివేలనుకుని బుక్ చేశాను.

తలుపు తియ్యగానే తడిసిన కుక్క వాసన గుప్పుమంది. ఇంటావిడకి ఎనభై ఏళ్ళుంటాయి, నిటారుగా, చలాకీగా ఉంది. "ఈ వారం మీరు తప్ప ఎవరూ లేరు. మూడు గదులూ చూసుకుని నచ్చింది తీసుకోండి, మీకేదైనా సరే, నాకు గ్రాండ్" అని తాళాలగుత్తి అందుకుంది. అమ్మ అలవాటు కొద్దీ గుమ్మంలో చెప్పులు విప్పబోయింది. ఆ మెట్ల మీది కార్పెట్ రంగు చూసి నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దమ్మా, వేసుకునే ఉండు."

"ఇంట్లో చెప్పులేవిటే?"

"ఇది ఇల్లులా ఉందా నీకు?"

మొదటి గదిలో మంచం తల పైన గాజు పెట్టె, అందులో గోధుమరంగు పువ్వుల గుత్తి. దారంతో అల్లారనుకుని అమ్మ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి "అబ్బ, ఎంత ఓపికో" అంది. ఇంటావిడ మురిసిపోయింది. అది దారం కాదట. ఈ వంశంలో పోయిన ఆడవాళ్ళ జుట్టట. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా వాళ్ళ జుట్టుతో ఒక్కో పువ్వు అల్లి చేర్చేవారట. అన్నంలో ఒక్క వెంట్రుక కనబడితే కంచం తోసేసే ఇంట్లో పుట్టినదాన్ని నేను. చచ్చినవాళ్ళ జుట్టు నెత్తిమీద వేలాడదీసుకుని దాని కింద నిద్రపోవడమా! పైకి మాత్రం "లవ్లీ" అన్నాను. ఈ దేశంలో పన్నెండేళ్ళుంటే ఆ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది.

రెండో గదికి సొంత బాత్‌రూము ఉందంటే కాస్త ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసి చూస్తే నేలంతా కార్పెట్! బాత్‌రూములో! కమోడు చుట్టూ కొలత తీసి, గుండ్రంగా కత్తిరించి మరీ వేశారు. ఎన్నేళ్ళ తడి పీల్చిందో, ఎందరి తడి పీల్చిందో, దాని మీద అడుగు వెయ్యకుండా గుమ్మంలోనే ఆగాను. ఇటు అమ్మ మంచం కిందికి వంగి గులాబీలు వేసిన పింగాణీ గిన్నె ఒకటి బయటికి లాగింది. "ఎంత ముద్దుగా ఉందే, పెరుగు తోడేసుకోడానికి బావుంటుంది."

ఇంటావిడ పకపకా నవ్వి బాత్‌రూములు లేని రోజుల్లో అది రాత్రిళ్ళు దేనికి వాడేవారో చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ గిన్నె వదిలేసి రెండు చేతులూ గాల్లో పట్టుకుని నిలబడింది. "రామ రామ" అని కుళాయి దగ్గరకి పరిగెత్తింది. ఒక కుళాయిలో మరిగే నీళ్ళు, ఇంకోదాంట్లో మంచు నీళ్ళు, రెండూ కలిసే దారి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చరిత్రట, వారసత్వమట! నూట యాభై ఏళ్ళ మురికిని తుడవకుండా దాచుకుని దానికో పేరు పెట్టారు. "పద, వెళ్ళిపోదాం, ఊళ్ళో మామూలు హోటల్ చూసుకుందాం" అన్నాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "పెద్దావిడ, అన్ని మెట్లూ ఎక్కింది. ఆ మూడోది కూడా చూసి వెళ్దాం, బాగుండదు" అంది.

మూడో గది చిన్నది. కార్పెట్ లేదు, చెక్క నేల. ఇత్తడి మంచం, కిటికీ దగ్గర కుర్చీ. హమ్మయ్య, ఇదేదో మనుషులుండే గదిలా ఉందనుకుంటుండగా ఇంటావిడ మంచం పట్టెమీద చెయ్యేసి అంది, తన భర్త రెండేళ్ళ కిందట ఈ మంచం మీదే పోయాడని. పరుపు మార్చిందట, మంచం మాత్రం ఆయనదే.

మావైపు మనిషి పోయిన మంచం ఇంట్లో ఉంచరు. పరుపు, దిండు, కప్పుకున్న దుప్పటి అన్నీ ఆ రోజే గడప దాటాలి. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు గానీ ఈ విషయంలో నాకంటే మా నాయనమ్మే నయం అనిపించే రకం నేను. అలాంటి మంచం అతిథికి వేసి, పైగా చిరునవ్వుతో చెబుతుందా! ఛీ, సిగ్గన్నా ఉండాలి.

"ఏవంటోందే ఆవిడ?" అంది అమ్మ.

"ఏంలేదు. వాళ్ళాయన కొన్న మంచమట."

"డైడ్ అంది. నాకా మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నావా?"

అమ్మ ఆవిడ వైపు తిరిగి తనకొచ్చిన నాలుగు ముక్కల్లో అడిగింది, "యూ స్లీప్ హియర్?"

అతిథులు లేని రోజుల్లో ఇక్కడే పడుకుంటానని ఆవిడ చెప్పింది. గోడ వైపు తనది, కిటికీ వైపు ఆయనది. అటువైపుకి ఇప్పటికీ జరగదట. నవ్వుతూనే చెప్పి, మీరు మాట్లాడుకోండి, టీ పెడతానని కిందికి దిగింది. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర.

అమ్మ చెప్పులు విప్పేసి మంచం మీద కూర్చుంది.

"లే అమ్మా. లేమ్మా, ఛీ! మనిషి పోయిన మంచమది."

"నాకీ గది చాలు."

"నీకేమైనా పిచ్చా? నిద్ర పట్టక నువ్వు అల్లాడుతుంటే చావు మంచం తెచ్చి..."

"అరవకు. ఆవిడ వింటుంది." అమ్మ దుప్పటి మీద అరచేత్తో నిమిరింది. "నాన్న మంచం బయట పెట్టించినప్పుడు కూడా ఇలాగే అరిచావు."

నిజమే, పెట్టించింది నేనే. విమానం దిగి ఇంటికెళ్ళేసరికి నాన్నని తీసుకెళ్ళిపోయారు. ఆర్నెల్లు పక్షవాతంతో పడుకున్న మంచం, ఆ వాసన. ఇంకా ఎందుకుంచారని అందరినీ కేకలేసి, గంటలో గది ఖాళీ చేయించి, ఫినాయిల్ వేసి కడిగించాను. అందరూ శభాష్ అన్నారు. అమ్మ లోపలి గదిలో ఉంది.

"నలభై రెండేళ్ళు నేనూ పడుకున్నానే దానిమీద. ఒక్క రాత్రి ఉంచితే ఆయన వైపుకి తిరిగి పడుకునేదాన్ని. అంతే."

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"

"చెబుదామనే గుమ్మం దాకా వచ్చాను." అమ్మ గోడ వైపుకి జరిగి, కిటికీ వైపు సగం మంచం ఖాళీగా వదిలి ఒత్తిగిలింది. "నాన్న దిండు ఎత్తడానికి చేతులకి గ్లౌజులు తొడుక్కుంటున్నావు. ఇంకేం చెప్పను?"

కుర్చీలో కూర్చుండిపోయాను. అమ్మా, అని పిలవడానికే చాలాసేపు పట్టింది. పిలిచాను. అప్పటికే అమ్మ నిద్రపోయింది.