సముద్రానికి లాకులుండవు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. ఆ వార్త మాకు ఆయన ఫోను నుంచే వచ్చింది.

గురువారం పొద్దున్న ధవళేశ్వరం నుంచి రాజమండ్రిలో మా కాలేజీకి వెళ్ళే బస్సులో నిలబడి ఉన్నాను. మా ఆదివారం గ్రూపులో మాస్టారి పేరు మీద వాయిస్ మెసేజి ఒకటి కనిపించింది. రోజూ ఆ వేళకి ఆయన గోదావరి మీద ఆకాశాన్ని ఫోటో తీసి పెట్టి, "ఇందులో ఎన్ని బూడిదరంగులున్నాయో చూడండి" అని రాసేవారు. ఇవాళ రాయడానికి బద్ధకించి మాట్లాడారేమో అనుకున్నాను. వినకుండానే "గుడ్ మార్నింగ్ సర్" అని పెట్టి, పక్కన దండం బొమ్మ కూడా పెట్టాను. సీటు దొరికాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"నేను మీ మాస్టారి భార్యనమ్మా. ఆయన తెల్లారగట్ల పోయారు. ఎవరికి చెప్పాలో నాకు పేర్లు తెలీవు. ఎప్పుడూ ఆదివారం, ఆదివారం అంటూ ఉండేవారు కదా, అందుకని ఇందులో చెప్తున్నాను. మీరంతా రండమ్మా."

ఆ మాటల కింద నా గుడ్ మార్నింగ్ ఇప్పటికీ అలాగే ఉంది. తీసెయ్యొచ్చు. తీసేస్తే నా తప్పుని దాచినట్టవుతుందని ఉంచాను. రెండేళ్ళుగా ఆయన నాకు నేర్పింది ఒక్కటే: ముందు చూడు, తర్వాత మాట్లాడు. ఆయన పోయిన రోజునే నేను చూడకుండా మాట్లాడాను.

ఆయన్ని ఎరగని వాళ్ళకి కొంచెం చెప్పాలి. బళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, రెండింటికల్లా వరండాలో చాపలు పరిచేవారు. చుట్టుపక్కల బొమ్మలు వేసి బతికేవాళ్ళు, బతకలేక మానేసినవాళ్ళు, ఎవరైనా రావచ్చు. ఆరుగురం ఖాయంగా ఉండేవాళ్ళం. అక్కడ రెండు పద్ధతులు. ఎవరి బొమ్మ గురించి వాళ్ళు మాట్లాడకూడదు, పక్కవాళ్ళ బొమ్మ గురించే చెప్పాలి. వచ్చినవాళ్ళు ఒకటి నేర్పి, ఒకటి నేర్చుకుని వెళ్ళాలి.

నాకు బొమ్మలు రావు. మొదటిరోజు ఆ మాటే చెప్పాను. "ఏమీ రాదండి నాకు. తెలుగు బి.ఏ. చదువుతున్నాను."

"చదవడం వచ్చు కదమ్మా? మా సత్తిబాబుకి ఒక దరఖాస్తు రాసిపెట్టు."

సత్తిబాబు గారు బోర్డు ఆర్టిస్టు. ఒకప్పుడు మా వైపు ఏ కొట్టు మీద చూసినా ఆయన అక్షరాలే. ఫ్లెక్సులు వచ్చాక కుంచెలు అటకెక్కించి, రావులపాలెం అరటి మార్కెట్లో గెలల మీద గుర్తులు వేసే పనిలో చేరారు. "అక్షరం ఇంకా చేతిలోనే ఉందండి, అరటికాడ మీదకి దిగింది, అంతే" అనేవారు. ఏదో శిక్షణ శిబిరానికి ఆయన గురించి ఒక పేజీ రాసి పంపాలి. నేను ఉత్సాహంగా "వీరు గొప్ప కళాకారులు, వీరి కళ అద్భుతం" అని రాసుకొచ్చాను. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"అద్భుతం ఏ రంగు ఉంటుందమ్మా?"

నేను వరండాలో ఉన్న రంగు డబ్బాల వైపు చూశాను.

"ఏ డబ్బాలోనూ దొరకదు కదా. ఆయన రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూడు. చూసింది రాయి."

మూడు ఆదివారాలు చూశాను. "సున్నా చుట్టేటప్పుడు వీరు ఊపిరి బిగబడతారు. మొదలుపెట్టిన చోటికి కుంచె తిరిగొచ్చాకే ఊపిరి వదులుతారు" అని రాశాను. మాస్టారు ఆ కాగితం సత్తిబాబు గారికి వినిపించారు. ఆయన గాల్లో వేలితో ఒక సున్నా చుట్టి చూసుకున్నారు. "నేనలా చేస్తానాండీ?" అన్నారు. శిబిరంలో ఆయనకి చోటు దొరికింది. నాకు మాటల మీద ప్రేమ పుట్టింది ఆ రోజే. మాట ఒక మనిషికి తనని తనకే చూపించగలదని నాకు అంతవరకూ తెలియదు.

ఇంకొకరు దుర్గక్క. రాజమండ్రిలో ఫ్లెక్సుల షాపులో కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తుంది. ఆమె మొదటిసారి వరండా మెట్టెక్కగానే సత్తిబాబు గారు చాప మీద నుంచి లేచి నిలబడ్డారు.

"మా పొయ్యిలో నీళ్ళు పోసింది వీళ్ళేనండి. ఆవిడ కూర్చుంటే నేను కూర్చోను."

"అలాగే, నిలబడే నేర్పు ఆవిడకి," అన్నారు మాస్టారు. "కుంచెతో 'క' రాయడం నేర్పు. ఆవిడ నీ అక్షరాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నేర్పుతుంది. పోట్లాట తర్వాత పెట్టుకుందురుగాని, టీ తాగాక."

పోట్లాట తరచూ టీ దాకా కూడా ఆగేది కాదు. "ఏంటండీ ఆ వంకర?" అని ఆమె, "వంకర కాదు పాపా, వంపు. మీ మిషన్‌కి వంపు తెలీదు" అని ఆయన. కాని ఆర్నెల్లు తిరిగేసరికి దుర్గక్క షాపు నుంచి వచ్చే పెళ్ళి ఫ్లెక్సుల మీద సత్తిబాబు గారి చేతి అక్షరాలు కనిపించడం మొదలుపెట్టాయి. మూల చిన్నగా ఆయన పేరు కూడా. ఆ పేరు వెయ్యమని పట్టుబట్టింది మాస్టారే. ప్రతి బొమ్మ వెనకా పనిచేసిన వాళ్ళందరి పేర్లూ రాయించేవారు. నిచ్చెన పట్టుకున్న వాళ్ళ పేరు కూడా. ఆయన మాత్రం ఇంకొకరి బొమ్మ మీద చెయ్యి వెయ్యాల్సి వస్తే, వయసులో ఎంత చిన్నవాళ్ళనైనా అడిగేవారు: "వేలు పెట్టనా?"

ఇక ఆ గోడ సంగతి. ఇదంతా రాస్తున్నది ఆ గోడ కోసమే.

కాలువ గట్టు మీద ఒక స్కూలుంది. దాని ప్రహరీ మీద ఆనకట్ట దగ్గర నుంచి సముద్రం దాకా గోదావరి బొమ్మ వెయ్యమని అక్కడి హెడ్మిస్ట్రెస్ మాస్టారిని అడిగారు. మేము కలిసి చేసే మొదటి పెద్ద పని. గోడని ముక్కలుగా పంచుకున్నాం. ఎవరి ఉద్యోగం వాళ్ళది కాబట్టి ఎవరికి వీలైన రోజు వాళ్ళు వచ్చి, నేల నుంచి మూడున్నర అడుగులు కొలుచుకుని, నీటిమట్టం గీసుకుని, తమ ముక్క వేసి వెళ్ళారు. నది ముక్కలన్నీ అయ్యాక ఒక ఆదివారం అందరం దూరంగా నిలబడి చూశాం.

ఆ నేల కాలువ వైపు ఏటవాలుగా ఉందని ఎవరూ గమనించలేదు. ప్రతి ముక్క దగ్గరా గోదావరి జానెడు కిందకి దిగింది.

అటుగా సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన ఆగి, "గోదారికి మెట్లు కట్టారేంటండీ?" అన్నాడు.

ఎవరికి వాళ్ళం పక్కవాళ్ళ వైపు చూశాం. సత్తిబాబు గారు దుర్గక్క కొలత తప్పన్నారు, దుర్గక్క ఆయనదే తప్పంది. మాస్టారికి మాత్రం నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, "ధవళేశ్వరం వాళ్ళం, మనకి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? నీళ్ళు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగేచోట ఏం కడతారు? లాకులు కడతారు. మెట్టు వచ్చిన ప్రతిచోటా లాకు తలుపులు గియ్యండి" అన్నారు. రెండు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ గోడ మీద అందరూ ఆగి చూసేది ఆ లాకు తలుపులనే. ఒక్కో తలుపు చెరో సగం, ఇటువైపు వాళ్ళూ అటువైపు వాళ్ళూ కలిసి వేశారు.

చివర సముద్రం మిగిలింది. ఖాళీ గోడ, రెండు గదులంత పొడవు. దాని దగ్గర మాస్టారు నవ్వలేదు.

"సముద్రానికి లాకులుండవు. ఇక్కడ నీటిమట్టం గీత ఒక్కటే పడాలి, ఒక్కసారే పడాలి. ఈ కొస సత్తిబాబు, ఆ కొస దుర్గ."

ఆ గీత వేసే పద్ధతి చెప్తాను. నూలుదారాన్ని నీలిమందు పొడిలో దొర్లిస్తారు. ఇద్దరు చెరో కొసా గోడకి ఆనించి బిగించి పట్టుకుంటారు. మధ్యలో ఇంకొకరు దారాన్ని విల్లులా లాగి వదులుతారు. టప్‌మని గోడ మీద నీలం గీత పడుతుంది. మధ్యలో లాగి వదలడం నాకిచ్చిన పని. అంత పొడవు దారం ఏ ఒక్కరు సడలించినా మధ్యలో కుంగిపోతుంది. "మేకులకి కట్టేస్తే పోలేదాండీ?" అని నేనడిగాను. "పాత గోడమ్మా, పెచ్చు ఊడుతుంది. పైగా అవతలివాడు ఎంత లాగుతున్నాడో మేకుకి తెలీదు" అన్నారు. వచ్చే ఆదివారం అనుకున్నాం. ఆ ఆదివారానికి మూడు రోజుల ముందు ఆయన పోయారు.

శుక్రవారం అంత్యక్రియలు. మాస్టారి ఇంటి గేటుకి దుర్గక్క చేసిన ఫ్లెక్సు కట్టారు. నవ్వుతున్న ఫోటో, కింద పేరు. సత్తిబాబు గారు కొంచెం ఆలస్యంగా, భుజం మీద రేకుతో వచ్చారు. ఆ రేకు మీద మాస్టారి పేరు చేత్తో రాసుకొచ్చారు, రంగు ఇంకా ఆరలేదు. ఫ్లెక్సు చూసి గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఆయనకి కూడా ఫ్లెక్సేనా అమ్మా? జీవితమంతా కుంచె పట్టిన మనిషికి?"

"ఇంట్లోవాళ్ళు అడిగారు, చేశానండి. మీరు తెస్తారని నాకెలా తెలుస్తుంది?" అంది దుర్గక్క.

"ఫోను లేదూ నీకు?"

"మీకు లేదూ?"

చుట్టూ మనుషులున్నారు, పాట పాడుతున్నారు, ఇంకేం అనుకోలేదు. రేకుని ప్రహరీకి ఆనించి సత్తిబాబు గారు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. ఎవరో తగిలి, ఆరని అక్షరం ఒకటి చెదిరిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇచ్చే మనిషి లోపల పెట్టెలో ఉన్నారు.

రెండు ఆదివారాలు గడిచాయి. మొదటి ఆదివారం వరండాకి ముగ్గురం వెళ్ళాం. రెండో ఆదివారం నేనొక్కదాన్నే. మాస్టారి భార్య అన్ని చాపలూ పరిచి ఉంచారు. "ఆలస్యమవుతుందేమో లేమ్మా, వస్తారు" అంటూ ఆరు గ్లాసులు కడిగి బోర్లించారు. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆ వెంటనే స్కూలు నుంచి కబురొచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు మంచావిడే, గొంతు తగ్గించే చెప్పారు. "నెలాఖరుకి తనిఖీ ఉందమ్మా. సగం బొమ్మ ఉంచలేను. పూర్తి చేస్తారా సరే. లేకపోతే మొత్తం గోడకి సున్నం కొట్టించేస్తాను. ఏమీ అనుకోకు."

మొత్తం గోడకి. లాకు తలుపులతో సహా.

దుర్గక్క షాపుకి వెళ్ళి బతిమాలాను. కంప్యూటర్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా అంది: "ఆయన ఫోటో ఎంతసేపు చేశానో తెలుసా? కాలర్ మీద నీలం మరకుంది, చూశావా? అది తీసెయ్యమన్నారు మా ఓనరు. తియ్యలేదు. మాస్టారి చొక్కా మీద రంగు లేకపోతే అది మాస్టారేనా? ఆ బోర్డుల మనిషి అదేమైనా చూశాడా? ఫ్లెక్సు అని చూశాడు, అంతే. నేను రానే. నన్ను అడక్కు."

రావులపాలెం వెళ్ళాను. గెలల మధ్య సత్తిబాబు గారు నాకు ఒక పండు చేతిలో పెట్టారు. నేను చెప్పిందంతా విన్నారు, మరక సంగతి కూడా. "ఆయ్" అన్నారు. తర్వాత, "మాస్టారు లేరు కదా పాపా. ఇంకెవరి మొహం చూసి కూర్చోను?" అన్నారు. బస్సెక్కాక గాని నా చేతిలో పండు నలిగిపోయిందని తెలియలేదు.

మిగతా ముగ్గురికీ ఫోను చేశాను. ఒకరు ఎత్తలేదు. ఇద్దరు చూద్దామన్నారు. మాటలు నేర్చుకున్నానని మురిసిపోయాను కదా, ఒక్క మాటా ఎవరినీ కదల్చలేదు. ఏం చెయ్యాలో తెలియక నిన్న సాయంత్రం ఒక్కదాన్నే గోడ దగ్గరికి వెళ్ళాను. దారం నీలిమందులో దొర్లించి, ఒక మేకు కొట్టి కట్టాను. రెండో మేకు కొట్టగానే ఆయన చెప్పినట్టే అరచెయ్యంత పెచ్చు ఊడి పాదాల మీద పడింది. సిగ్గు, భయం, ఏడుపు, మూడూ కలిసి వచ్చాయి. సత్తిబాబు గారికి ఫోను చేసి, ఏడుస్తూనే పెచ్చు ఊడిందని చెప్పాను.

ఆయన మార్కెట్ చప్పుడుకి దూరంగా జరిగి అడిగారు:

"తడిగా ఉందా గోడ?"

"పొద్దున్న జల్లు పడిందండి."

"తడి మీద నీలం నిలవదు. ఆరనివ్వాలి" అని పెట్టేశారు. వస్తాననలేదు. రాననీ అనలేదు. అదే మాట దుర్గక్కకి మెసేజి పెట్టాను. చూసింది. జవాబు లేదు.

నెలాఖరులోగా ఇక రేపటి ఆదివారం ఒక్కటే మిగిలి ఉంది. నేను రెండింటికి అక్కడ ఉంటాను. ఇది చదివే మీలో బొమ్మలు రానివాళ్ళు కూడా రావచ్చు, నాకూ రావు. దారం పట్టుకోవడానికి చెయ్యి ఉంటే చాలు. ఆ చెయ్యి ఆ ఇద్దరిదే కావాలని మాత్రం నా ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న వచ్చేటప్పుడు దారం విప్పడానికి చెయ్యి రాలేదు, అలాగే వదిలేశాను. ఈ పొద్దున్న బస్సులోంచి చూశాను. మొదటి మేకుకి వేలాడుతూ కాలువ గాలికి అటూ ఇటూ ఊగుతోంది. తగిలిన చోటల్లా ఖాళీ గోడ మీద ఒక నీలం మరక పెడుతోంది. అన్నీ మరకలే. గీత ఒక్కటీ లేదు.