తలుపు పిడి ముందువైపు ఉన్న కారు

మా పెద్దనాన్న నేను పుట్టకముందే కారులోంచి పడి చనిపోయారు. మండపేటలో రైసుమిల్లు ఉన్న ఆయన స్నేహితుడొకరు మద్రాసులో ఎవరి దగ్గరో ఒక పాత విదేశీ కారు కొన్నారు. నేలకి ఆనినట్టుండే రెండు సీట్ల కారు. ఇద్దరూ అందులో కాలవ గట్టు మీద వెళుతుంటే పెద్దనాన్న తలుపు తీసుకుని దూకేశారని, కారు నడుపుతున్న ఆ స్నేహితుడే చెప్పారు. ఊరు నమ్మింది. పెద్దమ్మా నమ్మింది. ఆ పొద్దున్నే మొగుడూ పెళ్ళాలకి పెద్ద గొడవైందట. పిల్లలు లేరు. ఆవిడ ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు.

నేను భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో మా నాన్న పోయారు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ కారు ఫొటో దొరికింది. పక్కన పెద్దనాన్న చేతులు కట్టుకుని నవ్వుతున్నారు. కారు మీద ఎక్కడా పేరు లేదు. నాకు కార్ల పిచ్చి. అదేం కారో తెలుసుకోవాలనిపించింది, అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. ఫొటో స్కాన్ చేయించి, నెట్ సెంటర్లో కూర్చుని, పాత కార్ల అభిమానులు మాట్లాడుకునే ఒక సైట్లో పెట్టాను. తలా ఒక పేరు చెప్పారు. చక్రాలు కలిస్తే లైట్లు కలిసేవి కావు.

చివరికి ఇటలీ నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. తలుపు పిడి చూడమన్నాడు. వెనకవైపు ఉండాల్సిన పిడి ముందు చక్రం వైపు ఉంది. ఆ కారు ముక్కు, ఆ తలుపు కలిపి చూస్తే అది తమ ఊళ్ళోని ఒక చిన్న వర్క్‌షాపు కట్టిన రేసు కారేనని, అలాంటివి చాలా తక్కువే తయారయ్యాయని రాశాడు. గడియ సరిగా పడకపోతే, పరుగులో గాలి పట్టి ఆ తలుపు విసురుగా తెరుచుకునేదట. మనుషులు పడిపోవడంతో తర్వాతి కార్లకి తలుపు బందులు వెనక నుంచి ముందుకు మార్చారట. ఇంత అరుదైన కారు ఫొటో దొరికినందుకు నన్ను అభినందించాడు కూడా.

ఆ ఆదివారమే బస్సెక్కి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. చెప్పిందంతా విని, కళ్ళజోడు తెమ్మంది. ఫొటోలో పెద్దనాన్న ముఖం వైపు చూడలేదు. తలుపు పిడి మీద బొటనవేలు పెట్టింది.

"ఆ పొద్దున్న, మీరు లేకపోతే నాకు హాయండీ అన్నాను నాన్నా. దానికే దూకేశారనుకున్నా. అంత మాటకే పోతారా అని ఆయన మీద కోపంతోనే ఇన్నేళ్ళూ బతికాను."

నేనేదో అనబోతే ఆపి, "అది దానంతటదే తెరుచుకుందని నీకు ఖాయంగా తెలుసా?" అంది.

చూసిన ఒక్క మనిషి, కారు నడిపిన ఆ స్నేహితుడు, ఎప్పుడో పోయారు. "తెరుచుకుని ఉండొచ్చు పెద్దమ్మా," అన్నాను.

"ఉండొచ్చు," అని ఫొటో నా చేతికిచ్చేసింది. "ఆయన మీద కోపంగా ఉన్నప్పుడే నాకు నయంగా ఉండేది."

ఆ పూట పెద్దమ్మ అన్నం ముట్టలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా, ఇటలీ ఆయన ఇంకేమైనా చెప్పాడా అని అడిగేది. నేను ఆయనకి మళ్ళీ రాసి అడిగాను. తనకు తెలిసింది అంతేనని, ఆ కారు ఇప్పుడెక్కడుందో కనుక్కుంటే కొనేవాళ్ళున్నారని రాశాడు. ఆ మాట పెద్దమ్మకి చెప్పలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఆవిడ మంచం పట్టింది. చూడ్డానికి వెళితే నన్ను గుర్తుపట్టి, అదే అడిగింది. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులకి పోయింది.