మా మరిది చెప్పే జాగ్రత్తలు

మా మరిది కరుణాకర్ ఇంటికి కొత్తగా కిరాయికి వచ్చిన పిల్లలెవరూ మొదటి రోజు తిన్నగా గదిలోకి పోలేరు. సామాను మెట్ల దగ్గర దించాలి. ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని కూర్చుంటాడు. పిల్లలు నిలబడాలి. అప్పుడు జాగ్రత్తలు మొదలవుతాయి.

"బియ్యం ఊరికెల్లే తెచ్చుకోవాలె. ఈడ కొన్నరనుకో, మునిగిండ్రే. కరెంటు పొయ్యి పెట్టద్దు. చిన్న సిలిండర్ తెచ్చుకోండ్రి. బట్టలు ఆదివారమే ఉతుక్కోవాలె. చుట్టాలు అచ్చిండ్రా, చాయ తాగి పోవాలె, పండుకునుడు లేదు. సెలవు దొరికితే సినిమాలని తిరుగుడు గాదు. కొండగట్టు పోండ్రి, ధర్మపురి పోండ్రి. నాలుగు మంచిమాటలు చెవున పడ్తయి."

ఈ మాటలు ఆరేండ్లుగా గోడ ఇవతల నుంచి వింటున్నాను. జగిత్యాలలో కాలేజీ రోడ్డు వెనక వీధిలో, ఒకే జాగాలో, ఆయన ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కన ఉన్నాయి. ఆయనది మూడంతస్తులు, పన్నెండు గదులు. మాది రేకుల ఇల్లు. నేను చదివింది ఐదో తరగతి, అదీ మా పుట్టిల్లు కోరుట్లలో. పెద్ద మాటలు నాకు రావు. కానీ మా మరిది ఎంతటివాడో చెప్పడానికి ఐదో తరగతి కూడా ఎక్కువే.

వాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. మా ఆయన శంకరయ్య పెద్ద. వాళ్ల ఊళ్లో ఐదు దాకే బడి ఉండేది. కరుణాకర్ తెలివైనవాడని అందరూ అనుకుని, పెద్ద బడికి రాయికల్ పంపారు. అక్కడ వాళ్ల చిన్నాయన భార్య, చిన్నమ్మ మొగిలవ్వ ఇంట్లో ఐదేండ్లు ఉన్నాడు. ఆమెకు ఉన్నదే ఒక గది. ఆ గది వీనికిచ్చి, కొడుకు ధనుంజయ్‌ను పక్కలో వేసుకుని ఆమె అరుగు మీద పడుకునేది. పగలంతా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. వీనికి రెండు పూటలా వేడి బువ్వ పెట్టేది. ఏ పూటా ఆమె వానికి జాగ్రత్తలు చెప్పలేదు. ఈయన పదో తరగతి రెండుసార్లు తప్పి దుబాయి పోయాడు.

దుబాయిలో ఎనిమిదేండ్లు క్యాంపు గదిలో, పది మంది మధ్య, మంచం మీద మంచం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు స్నానం చేయాలో, ఎవరు రావాలో క్యాంపు బాస్ చెప్పేవాడట. ఆ బాస్‌ను తిట్టుకుంటూ ఫోన్లో ఏడ్చేవాడు. తిరిగొచ్చి గదులు కట్టాడు. మా ఆయన నవ్వేవాడు: "అందరు దుబాయికెల్లి బంగారం తెస్తరు. మనోడు క్యాంపు బాసును తెచ్చిండు."

మా ఆయన పోయి పద్నాలుగు నెలలు. పాల ప్యాకెట్‌కు పోయిన మనిషి వీధి మలుపులో కూలబడ్డాడు. దినాలు కూడా కాలేదు, కరుణాకర్ వచ్చి మా ముందు గది గుమ్మంలో నిలబడి, కొలిచినట్టు అటూ ఇటూ చూశాడు.

"వదినె, గీ గది ఖాళీనే గదా. మంచం తీసి అవతల పెడితే ఇద్దరు పోరగాండ్లు పడ్తరు. మనిషి మసులుతుంటే నీకూ పొద్దుపోతది."

నేను మంచం మీది దుప్పటి దులిపి మళ్లీ పరిచాను. నేను మొదటి నుంచీ ఎక్కువ మాట్లాడను. మాట్లాడని వాళ్లంతా తెలివిలేని వాళ్లని ఆయన లెక్క.

నిజానికి పిల్లలకు పనికొచ్చే సంగతులు గోడ ఇవతల దొరుకుతాయి. ఆరు కొట్టకముందే బకెట్లు నింపుకోండి, ఆరింటికి ఆయన మోటరు బంద్ చేస్తాడు. బియ్యం డబ్బాలో నాలుగు ఎండు మిరపకాయలు వేయండి, పురుగు పట్టదు. కర్రీ పాయింట్‌లో ఒక్క కూర తెస్తే ఇద్దరికి సరిపోతుంది, పప్పు మాత్రం గదిలో వండుకోండి, అక్కడి పప్పు నీళ్లు. సిరిసిల్ల బస్సు తప్పిపోతే వేములవాడ దాకా పోయి మారండి. ఇవి నేనెవరినీ నిలబెట్టి చెప్పను. ఉప్పుకో, సూదికో, నిమ్మకాయకో వచ్చిన పిల్లలు అడిగితే చెబుతాను.

అట్లా వచ్చేవాళ్లలో అలేఖ్య ఒకతి. సిరిసిల్ల పిల్ల. తండ్రి సాంచాల మీద బట్ట నేస్తాడు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ బాలవ్వ పెంచింది. డిగ్రీ రెండో ఏడు, రసాయన శాస్త్రం. బతుకమ్మ పండుగ రోజుల్లో పై గదుల ఆడపిల్లలందరినీ పోగేసి, చెలకల గట్ల వెంట తిరిగి గునుగు, తంగేడు కోసుకొచ్చింది. పూలు రాలి డాబా ఖరాబు అవుతుందని కరుణాకర్ వద్దన్నాడు. పిల్లలు మా వాకిట్లో పేర్చారు. ఎత్తుగా పేర్చారు, కొంచెం వంకర కూడా. ఆ తొమ్మిది రోజులూ మా వాకిలి వాకిలిలా ఉంది.

ఈ ఎండాకాలం మొదట్లో కరుణాకర్ హనుమాన్ మాల వేసుకున్నాడు. మాలను నేను ఒక్క మాట అనను. మా ఆయన మూడుసార్లు వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు నేల మీద పడుకున్నాడు, చెప్పుల్లేకుండా తిరిగాడు. మా మరిది పదకొండు రోజుల మాల వేసుకుని, పీఠం పెట్టిన గదిలోకి కూలర్ జరిపించాడు. దేవునికి ఉక్కపోస్తుందట. దేవుని ముందు చాప వేసుకుని పడుకునేది మాత్రం తానే.

నాలుగో రోజు రాయికల్ నుంచి ధనుంజయ్ ఫోన్ చేశాడు. మొగిలవ్వ పొద్దున కన్ను మూసింది. "అన్న ఫోన్ ఎత్తుతలేడు వదినె, నువ్వన్న చెప్పు" అన్నాడు. నేను గోడ దగ్గరికి పోయి కరుణాకర్‌ను పిలిచాను. పాలివాళ్లలో చావు అయితే మాకూ వాళ్లకూ మైలే. మైల వస్తే మాల విప్పాలి. అది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేను "రాయికల్ల చిన్నత్త..." అన్నానో లేదో రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు.

"వదినె, నువ్వు నాకు చెప్పలే. నేను ఇనలే. ఇనకుంటె మైల లేదు. నడుమ మాల ఇప్పితే నలుగుర్ల నగుబాటైతది."

లోపలికి పోయి ఫోన్ కూడా బంద్ పెట్టాడు. అరుగు మీద పడుకుని వీనికి గది ఇచ్చిన మనిషి. నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి, మట్టి వేసి వచ్చాను.

ఎండలకు ముసలి ప్రాణాలు ఆగవు. అదే వారంలో సిరిసిల్లలో బాలవ్వ కూడా పోయింది. ఫోన్ రాగానే అలేఖ్య కట్టుబట్టలతో పరుగెత్తింది. మూడో నాడు ప్రాక్టికల్ పరీక్ష ఉండటంతో పొద్దున్నే మొదటి బస్సుకు తిరిగి వచ్చింది. ఏడాదంతా రాసి, సారుతో సంతకాలు పెట్టించుకున్న రికార్డు పుస్తకం పై గదిలో ఉంది. అది లేకుంటే పరీక్ష గదిలోకే రానివ్వరు. ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదు. పరీక్ష పదింటికి. ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదింబావు.

లోపల పది మంది స్వాములు పూజ ముగించుకుని చాయకు కూర్చున్నారు. కరుణాకర్ పిల్లను చూసి గేటు దాకా ఉరికొచ్చి గొళ్లెం వేశాడు.

"మాతా, ఆడ్నే ఆగు! గేటు ముట్టకు. మీ ఇంట్ల ముసలామె పోయింది గదా. పదకొండొద్దులు గీ గడప ఎక్కద్దు."

"రికార్డు ఒక్కటి తీస్కొని పోత అంకుల్. పదింటికే ప్రాక్టికల్స్."

"అంకుల్ గాదు, స్వామి అనాలె. ఊరికి పోతే అన్ని సదురుకొని పోవాలె అని ఎన్నిసార్లు చెప్పిన? ఇంటరా మీరు?"

"నాయనమ్మ సచ్చిపోయిందంటే సంచి సదురుకుంట కూసుంటరా స్వామి?"

పై నుంచి నవత అనే పిల్ల తొంగిచూసింది. "అలేఖ్యా, తాళంచెయ్యి ఇసురు, నేను తెచ్చిస్త!"

కరుణాకర్ తల పైకెత్తి వేలు చూపించాడు. "ఆ తాళంచెయ్యి ముట్టినోళ్లకు గూడ గేటు బందే. మల్ల చెప్పలేదనద్దు."

నవత వెనక్కి తగ్గింది. ఆ పిల్లను తప్పుపట్టను, ఆమెకూ పరీక్షలే. అలేఖ్య ఏడవలేదు. ఫోన్‌లో టైము చూసుకుంటూ నిలబడింది. ఏడిస్తే బాగుండేది, ఎవరో ఒకరు కదిలేవాళ్లు.

నేను వాకిలి దిగి పోయి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం మైలవాళ్లమే, మాకు అడ్డేముంది.

"స్వామీ, పిల్ల రికార్డు తెచ్చియ్యి" అన్నాను.

"ఏయ్ వదినె, నువ్వు గేటు కాడికి రాకు! నువ్వు గూడ మైలల..." అన్నాడు. అని, నోరు మూసుకున్నాడు.

చాయ తాగుతున్న గురుస్వామి గ్లాసు కింద పెట్టాడు. ఆయన పేరు సాయిలు, పద్దెనిమిదిసార్లు మాల వేసిన పెద్దమనిషి. మాలలో ఉన్నవాడు అబద్ధమాడితే అక్కడే లేపి పంపేస్తాడని పేరు.

"మీ వదినెకు మైల ఏంది స్వామి? మీ పాలోళ్లల ఎవలన్న పోయిండ్రా?"

మా మరిది మొహం చూడాలి. జాగ్రత్తలు చెప్పే నోటిని కండువాతో తుడుచుకున్నాడు. స్వాములంతా నా వైపు చూశారు.

"చెప్పాల్నా స్వామీ?" అని కరుణాకర్‌నే అడిగాను. "రాయికల్ల..."

"వదినె! వదినె! రికార్డు ఏడున్నది, ఏ సంచిల ఉన్నది? ఏ రంగు అట్ట?" అంటూ గొళ్లెం తీశాడు.

"టేబుల్ మీదనే. ఖాకీ అట్ట" అంది అలేఖ్య.

పిల్ల చేతిలోంచి తాళంచెవి తానే, తన చేత్తోనే లాక్కుని మూడంతస్తులు ఉరికాడు. ఆ పొట్టకు అంత ఉరుకుడు ఉందని నాకప్పటిదాకా తెలియదు.

గురుస్వామి మాత్రం నన్ను వదల్లేదు. "ఏమైందమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు. చెప్పేయొచ్చు. నాలుక చివర్నే ఉంది. చెబితే కరుణాకర్ పరువు అక్కడే పోయేది, కానీ మెట్ల మీద ఉన్న రికార్డు మెట్ల మీదే ఆగిపోయేది.

"మా ఆయన పోయినప్పటిసంది నేను మైలనే స్వామీ" అన్నాను.

ఆయన తల దించుకుని చాయ గ్లాసు తీసుకున్నాడు. పద్నాలుగు నెలల్లో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నది ఇందుకోసం. ఇంటికొచ్చాక మంచం మీద కాసేపు కూర్చున్నాను.

రికార్డు చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆటోలో అలేఖ్యను ఎక్కించాను. పిల్ల ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది, కానీ ఆటో వెళ్లిపోయింది. ఒంటిగంటకు ఫోన్ చేసింది.

"అయిపోయిందాంటీ. ఉప్పు ఏదో కనుక్కోమని ఇచ్చిండ్రు. కనుక్కున్న."

"అన్నం తిన్నవా బిడ్డా?"

"ఇప్పుడు తింట. నాయనమ్మకు చెప్దామని ఫోన్ తీసిన ఆంటీ." తరువాత సిరిసిల్ల బస్సెక్కుతున్నానని చెప్పి పెట్టేసింది.

సాయంత్రం కరుణాకర్ గోడ దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వదినె, మన ఇజ్జత్ నిలవెట్టినవ్." నేను గంజి వార్చి మల్లెచెట్టు మొదట్లో పోసి లోపలికి వచ్చాను. ఎవరి ఇజ్జత్ ఎక్కడుందో ఆయనకు చెప్పడం నా పని కాదు.

ఆ వారంలోనే ఆయన కొండగట్టు పోయి మాల విరమించి, తలనీలాలిచ్చి వచ్చాడు. మొగిలవ్వ పదకొండో రోజుకు నేను రాయికల్ చేరేసరికి నాకంటే ముందే ఉన్నాడు. నున్నటి గుండుతో ఫోటో ముందు కూలబడి, అరుగంతా దద్దరిల్లేటట్టు ఏడుస్తున్నాడు. "చిన్నమ్మా! ఇయ్యాల పొద్దుగాలనే తెలిసె చిన్నమ్మా! ఎవ్వలు చెప్పకపోతిరి చిన్నమ్మా!" ధనుంజయ్ నా వైపు చూశాడు. పదిసార్లు ఫోన్ చేసినవాడు ఆయన. నేను విస్తరాకులు తుడుస్తూ తల ఎత్తలేదు. ముసలామె ఫోటో మాత్రం అట్లానే చూస్తోంది, రెండుసార్లు పది తప్పినప్పుడు చూసినట్టు.

బాలవ్వ దినాలు కూడా అయ్యాక అలేఖ్య వచ్చింది. గేటు బార్లా తీసి ఉంది. ఉండటానికి కాదు, గది ఖాళీ చేయడానికి వచ్చింది. వెనక నవత కూడా తన పెట్టె దించింది. ఆ రోజు వెనక్కి తగ్గినందుకేమో, రెండు పెట్టెలూ తనే మోసింది.

కరుణాకర్ కుర్చీ తెచ్చుకున్నాడు. మనిషికి సిగ్గనేది ఉంటే ఆ రోజుకైనా నిలబడేవాడు.

"పోతే పోయిండ్రు గని, ఒక మాట ఇనుండ్రి. కొత్త ఇల్లు చూసుకునేటప్పుడు నల్లా నీళ్లు చూడాలె, కరెంటు చూడాలె. అన్నిటికన్న ముందు ఓనర్ ఎసొంటోడో చూసుకోవాలె బిడ్డా. మంచోడు దొరుకుడు కష్టం."

అలేఖ్య చీపురు, బకెట్ ఆటోలో పెట్టి వెనక్కి తిరిగింది.

"చూసుకున్నమంకుల్. గీ వీధి చివర్నే. ఇంట్ల ఎవలన్న పోతే రావచ్చా అని ముందుగాల గదే అడిగినం."

ఆయనకు అర్థమైందో లేదో, "మంచిగ అడిగిండ్రు" అన్నాడు. ఆటో కదిలింది. సగం దూరం పోయాక ఆపించి, అలేఖ్య దిగి పరుగున మా వాకిట్లోకి వచ్చింది. కొత్త ఇంట్లో మోటరు ఎన్నింటికి బంద్ చేస్తారో అడగడం మరిచిపోయారట, మొదటి రోజుకు రెండు బకెట్ల నీళ్లు ఇక్కడే నింపుకుంటామంది. నింపుకొమ్మన్నాను.