రంపం సారూ, నా నూనె తలా

ఆ రోజుల్లో మా లింగంపల్లి బస్తీలో పరీక్ష అంటే రెండే వస్తువులు: హాల్ టికెట్టు, కొబ్బరి నూనె. హాల్ టికెట్టు మరచిపోయినా బతిమాలుకుని లోపలికి పోవచ్చుగానీ, నూనె లేని తలతో పోతే చదివింది ఒక్క ముక్క కూడా నిలవదని మా అమ్మ గట్టి నమ్మకం. పదో తరగతికి అలాగే పోయాను, ఐటీఐకి అలాగే పోయాను, రెండూ పాసయ్యాను. (లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కాను. ఆ రోజు నూనె తక్కువైందని అమ్మ ఇప్పటికీ అంటుంది.) కాబట్టి నా బతుకులో అన్నిటికన్నా పెద్ద పరీక్ష వచ్చిననాడు అమ్మ సీసా సగం ఖాళీ చేసిందంటే ఆమెను తప్పు పట్టలేను. తప్పంతా మే నెల ఎండది, ఆ పైన నా నెత్తి మీద పెట్టిన హెల్మెట్‌ది.

ఆసుపత్రిలో మంచం తల దగ్గర, గోడలోంచి ఆక్సిజన్ వచ్చే చిన్న బిరడా మీరు చూసే ఉంటారు. దాని వెనక గోడల్లో, సీలింగుల పైన, రాగి పైపులు పాముల్లా పాకుతూ పోతాయి. వాటిని ఒకదానికొకటి నిప్పుతో అతికే పని మాది. బ్రేజింగ్ అంటాం. అతుకు దగ్గర మంటతో కాచి, వెండి కలిసిన సన్న కడ్డీని ముట్టిస్తే అది కరిగి సందులోకి తనంతట తానే పాకిపోతుంది. చూడటానికి ఇంతే. కానీ కాచేటప్పుడు పైపు లోపలికి నైట్రోజన్ వదులుతూ ఉండాలి, లేకపోతే లోపలంతా నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు రాలిందంటే రేపు ఎవరి ఊపిరికి అడ్డం పడుతుందో తెలియదు. అందుకే సర్టిఫికెట్ లేని చేతిని ఆ పైపు మీద మంట పెట్టనివ్వరు. సర్టిఫికెట్ లేని నా చేయి రెండేళ్లుగా ఆ పైపుల కొసలకు దుమ్ము పోకుండా ప్లాస్టిక్ మూతలు పెడుతూ ఉండేది. మూతలు పెట్టడంలో నన్ను మించినవాళ్లు ఈ శేరిలింగంపల్లి మండలంలో లేరని ఇప్పటికీ పందెం కాస్తాను.

మా మేస్త్రిని అందరూ మామ అనేవాళ్లు, నేనూ అంతే. పాలమూరు వైపు మనిషి. తిన్నాక అందరూ సిమెంటు సంచుల మీద నడుం వాలిస్తే, ఆయన మాత్రం తుక్కు పైపులు ఏరి తెచ్చి నా ముందు పడేసి, "ఇగ ముట్టియ్ బిడ్డా" అనేవాడు. ఆరు నెలలు అట్లా నేర్పాడు. చివరికి నా అతుకుల్లో ఆయనకే వంక దొరకకుండా పోయింది. అప్పటిదాకా మా సైట్‌లో, అంటే మేం కడుతున్న ఆసుపత్రిలో, ఆడపిల్ల మంట టార్చి పట్టింది లేదు. "ఇది గ్యాస్ పొయ్యి గాదు పిల్లా" అని ఒకరిద్దరు ఇకిలించారు కూడా. నేను నోరు మూసుకుని ఊరుకునేదాన్ని అనుకుంటున్నారేమో, లేదు. "పొయ్యి అయితే నీకు నాలుగు రొట్టెలు కాల్చి పెడుదు" అన్నాను. ఆ మాట అన్నానుగానీ, పరీక్ష భయం మాత్రం ఉండేది. ఆ సర్టిఫికెట్ పరీక్ష తప్పితే, దాన్ని పెట్టే సారు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఈలోగా పై అంతస్తులో పసిపిల్లల వార్డు పైపుల పనికి బయటినుంచి వేరేవాళ్లు దిగుతారు, నేను మళ్లీ మూతలకు పోతాను. ఆ వార్డు పైపు నా చేతితో అతకాలని నాకు పిచ్చి పట్టినంత కోరికగా ఉండేది.

ఆ సారును సైట్‌లో రంపం సారు అనేవాళ్లు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన, చేతిలో రంపం. ఎంత అందంగా అతికినా ఆ అందాన్ని ఒక్క క్షణం కూడా చూడకుండా నిలువునా రెండు చెక్కలు చేసి, లోపల చూసేవాడు. పదకొండింటికి పరీక్ష. కొత్త తెల్ల గ్లవ్స్ ఇచ్చి, "కంగారేం లేదమ్మా, రెండు అతుకులు వెయ్యండి. తప్పితే ఇంకొక్క అవకాశం ఇస్తాను, అంతే. నాలుగింటికి నేను బయల్దేరాలి" అన్నాడు. నేను పైపు కొస తోమాను, నైట్రోజన్ వదిలాను. అప్పటికే హెల్మెట్ కింద అమ్మ ప్రేమ కరగడం మొదలైంది. నుదుటి మీదికి ఒక ధార, చెవి పక్కన ఇంకో ధార. చెమట అనుకుని గ్లవ్స్‌తో తుడుచుకుని, అదే చేత్తో పైపు కొస పట్టుకుని అతుకులో దూర్చాను. మంట పెట్టాను, కడ్డీ ముట్టించాను. రోజూ పిలిస్తే పలికే కడ్డీ ఆ రోజు అలిగింది. ఒక పక్క పాకింది, ఇంకో పక్క ముద్దగా నిలబడిపోయింది. రెండో అతుకూ అంతే. రంపం సారు కోసి చూపించాడు. సందులో సగం ఖాళీ, అంచున నల్లటి మరక.

మామ మొహం మాడిన రొట్టెలా అయింది. "నిన్నటిదాంక మంచిగనే చేసింది సారూ, ఏందో పరేషాన్ అయితుంది" అన్నాడు. సారు మామ మాట వినలేదు. టేబుల్ మీద నేను విప్పి పడేసిన గ్లవ్స్ తీసుకుని చూశాడు. తెల్లవి పసుపుపచ్చగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ చూడనంత శ్రద్ధగా నా తల చూశాడు.

"ఏమ్మా, కొబ్బరి నూనేనా?"

"అవును సార్. పరీక్ష కదా సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, నూనెలో పోపు పడితే చిటపటలాడుతుంది. ఆక్సిజన్ పైపులో నూనె పడితే మంటే లేస్తుంది. అతుకులో పడితే కడ్డీ పాకదు. ఈ పనికి నూనె చుక్క కూడా పనికిరాదని మీకు పాఠంలో చెప్పలేదా?" చెప్పారు. నేను నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. అయితే పైపుకు నూనె తగలకూడదని రాసుకున్నానేగానీ, ఆ నూనె నా నెత్తినే ఉందని తట్టలేదు. (తెలివి ఉండవలసిన చోటే నూనె ఉంది మరి.) "తలస్నానం చేసి రండి. అప్పటిదాకా ఈ గదిలోకి అడుగు పెట్టడానికి వీల్లేదు" అన్నాడు. అప్పుడు టైము ఒంటి గంట. ఆ ట్రాఫిక్‌లో ఇంటికి పోయి, తల రుద్దుకుని వచ్చి, మళ్లీ రెండు అతుకులు వేసి అవి చల్లారేసరికి నాలుగు దాటుతుంది.

మా అమ్మ అప్పుడు ఎదురుగా ఉన్న అద్దాల టవర్‌లో హౌస్ కీపింగ్ చేసేది. ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు పెట్టిన నూనెతో పరీక్ష తప్పుతున్న" అన్నాను. పది నిమిషాల్లో నీలం యూనిఫాంలో రోడ్డు దాటి వచ్చింది, చేతిలో టవర్ వంటగదిలో గిన్నెలు తోమే పచ్చటి సబ్బు సీసాతో. వస్తూనే నన్ను వదిలేసి సారు మీదికి పోయింది. "నెత్తికి నూనె పెట్టుకుంటె తప్పు రాసుడేంది సారూ? లోకంల ఏడనన్న ఉన్నదా?" సారు లేచి నిలబడి, ఓపికగా, ఆ పైపు ఎక్కడికి పోతుందో చెప్పాడు. పైన పసిపిల్లల వార్డుకు, అప్పుడే పుట్టి ఊపిరాడని పిల్లలను ఉంచే గాజు పెట్టెలకు. అమ్మ ఇటు తిరిగింది. నా జడ పట్టుకుంది. "నడువు."

గోడలు తడిపే నీళ్ల డ్రమ్ము పక్కన, సైటంతా చూస్తుండగా, నన్ను ఇటుకల మీద కూర్చోబెట్టి, మాడిన మూకుడు తోమినట్టు తోమింది. మూడు సార్లు. సిగ్గుతో నేను తల ఎత్తలేదు, ఎత్తుదామన్నా అమ్మ ఎత్తనివ్వలేదు. "అమ్మా, ఇడువు, టైం అయితుంది" అంటే, "చుప్! చిన్న పిల్లల పానం. ఇంకోపాలి రుద్దాలె" అంది. ఆఖరికి చెంపలు, మెడ, మోచేతులు కూడా కడిగి, తన చున్నీ తలకు గట్టిగా చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి పంపింది. గదిలోకి పోయేముందు సారు నా తల వాసన చూసి, "నిమ్మకాయ. పర్వాలేదు" అన్నాడు.

మళ్లీ తోమాను, మళ్లీ కాచాను. అమ్మ గుమ్మం అవతల నిలబడి ఉంది. రాగి మెల్లగా ఎర్రబడింది. కడ్డీ అంచున పెట్టాను. పెట్టీ పెట్టకముందే అది కరిగి, చుట్టూ ఒక్క తిప్పు తిరిగి, సందులోకి దిగిపోయింది. ఆ క్షణం నా ఒళ్లు పులకరించింది, దాచుకోవలసిన పని ఏముంది? రెండూ చల్లారాక రంపం సారు కోశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, భూతద్దంతో చూశాడు. లోపల కొత్త బిందెలా మెరుస్తోంది. ఖాళీ లేదు, మరక లేదు. "ఇంత శుభ్రమైన అతుకు ఈ మధ్య నేను చూడలేదండీ" అన్నాడు. అప్పటిదాకా అమ్మా అన్న మనిషి నన్ను అండీ అన్నాడు! మామ కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు, ఎంతకీ తుడవడం అయిపోలేదు.

సారు అమ్మను లోపలికి పిలిచి, ఒక చెక్కను ఆమె చేతిలో పెట్టి, "చూడమ్మా, మీ అమ్మాయి పని" అన్నాడు. అమ్మ దాన్ని తిప్పి చూసి కంగారుపడింది. లోపల మెరుపే, బయట మాత్రం మంట తగిలి నల్లగా కమిలి ఉంటుంది కదా, ఆ నలుపు చూసింది. మరక చూస్తే ఊరుకునే చేయి కాదు అది. ఎవరూ ఆపేలోపు టేబుల్ మీది పీచు తీసుకుని బరబరా తోమడం మొదలుపెట్టింది. "అయ్యో, అమ్మా, ఆగండి! అది మరకతోనే పాస్!" అని రంపం సారు మొదటిసారి గొంతెత్తాడు. అప్పటికే సగం నలుపు పోయింది. ఫైల్లో పెట్టడానికి మిగిలిన చెక్కలు తీసుకుని, తోమినదాన్ని అమ్మకే ఇచ్చేశాడు.

పై అంతస్తు వార్డు పైపు నేనే అతికాను. తరవాత ఎన్నో చోట్ల అతికాను. ఇప్పుడు కొత్తవాళ్లకు పరీక్ష పెట్టేది నేనే. మంట ముట్టించేముందు ఒక్కొక్కరి తలా వాసన చూస్తాను, సంచీలో షాంపూ ప్యాకెట్లు ఉంచుకుంటాను. వెనకాల నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు, పిలవనివ్వండి. అమ్మ పని మానేసింది, నార్సింగిలో నా దగ్గరే ఉంటుంది. ఆ రాగి చెక్క మా దేవుడి గూట్లో ఉంది. రాగి కదా, నల్లబడుతుంది. ప్రతి ఆదివారం అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని తళతళలాడేదాకా రుద్దుతుంది. దేనితో అంటే, కొబ్బరి నూనెతో. రంపం సారు చూస్తే ఏమంటాడోగానీ, నేను మాత్రం ఏమీ అనను. వేళ్లకు మిగిలిన నూనెతో ఆమె నా వైపు తిరుగుతుంది. అక్కడక్కడా తెల్లవెంట్రుకలు వచ్చిన తలను, రేపు సోమవారం మూడుసార్లు తోముకోవలసి వస్తుందని తెలిసి కూడా, ఆమె చేతికింద పెడతాను.