ఎస్తేరమ్మకు చెప్పిన ఫైసేలియా

తిరుమలగిరిలో నేను పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఫార్మలిన్ డబ్బా మూత తీసినప్పుడల్లా తోటి అమ్మాయిలు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేస్తారు. నాకూ కళ్లు మండుతాయి. అయినా ఒక్క క్షణం అక్కడే నిలబడతాను. ఆ ఘాటు తగలగానే మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబు కళ్ల ముందుకు వస్తుంది. గోడ పొడవునా అద్దాల బీరువాలు, వాటిలో సీసాలు, ఆ సీసాల మీది దుమ్ము తుడుస్తూ ఎస్తేరమ్మ. ఆవిడ అక్కడ అటెండరు. పోయి ఏడాది కావస్తోంది. పాఠం చెప్పిన మేడమ్‌లందరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ నా నోరు తెరిపించింది మాత్రం ఐదో తరగతితో బడి మానేసిన ఎస్తేరమ్మే.

చిన్నప్పటి నుంచీ నాకు మనుషుల ముందు మాట రాదు. చదువుతాను, చదివింది డైరీలో రాసుకుంటాను, అంతే. ఎవరైనా ప్రశ్న వేసి ముఖంలోకి చూస్తే, తెలిసిన జవాబు కూడా గొంతు దాటి రాదు. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో అదే జరిగింది. బల్లల మీద సీసాలు వరుసగా పెట్టి, పేర్లు కనబడకుండా కాగితాలు అంటిస్తారు. గంట కొట్టినప్పుడల్లా ఒక సీసా దగ్గర నుంచి ఇంకో సీసా దగ్గరికి జరుగుతూ, లోపలున్నదేమిటో గుర్తుపట్టి రాయాలి. అంతవరకు బాగానే రాశాను. ఆ తర్వాత బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక సీసా ముందుకు జరిపి, "దీని గురించి చెప్పమ్మా" అన్నారు. అది ఫైసేలియా, నీటి మీద తేలే విషపు సముద్రజీవి. దాని గురించి నా డైరీలోనే రెండు పేజీలున్నాయి. నేను సీసా వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన మూడుసార్లు అడిగి, "నెక్స్ట్" అని పిలిచారు.

ప్రాక్టికల్స్ తప్పాను. రాంగోపాల్‌పేట్‌లో మాది చీరలకు ఫాల్ కుట్టే చిన్న షాపు. నాన్న కోప్పడలేదు. "ఇంకోసారి రాయి తల్లీ. ఈసారీ కాకపోతే చదువు చాలించి షాపులో కూర్చుందువుగాని. కుట్టు మిషన్ ముందు మాట్లాడక్కర్లేదు కదా" అన్నారు. జాలితోనే అన్నారు. తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు.

సప్లిమెంటరీ పరీక్ష దాకా మధ్యాహ్నాలు ల్యాబులో కూర్చుని చదువుకోవడానికి మేడమ్ ఒప్పుకున్నారు. మొదటి రోజు ఫైసేలియా సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఎస్తేరమ్మ సీసాల్లో తగ్గిన ఫార్మలిన్, జంతువులు కుళ్లకుండా పోసే మందు, నింపుతోంది. కాసేపు నన్నే చూసింది.

"గా ప్లాస్టిక్ కవర్ల ఏమున్నదని గంట సంది చూస్తున్నవ్ బిడ్డా?"

"ప్లాస్టిక్ కవర్ కాదు. జంతువు."

"అవునా! ఇరవై ఏండ్ల సంది తుడుస్తున్న దీన్ని. ఒక్కరన్న చెప్పిండ్రా నాకు? మేడమ్‌లు ఇంగ్లీషుల చెప్పుకుంట పోతరు, మీరు రాసుకుంట పోతరు, నేను తుడుసుకుంట పోత. నువ్వన్న జెర చెప్పరాదు."

స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మార్కులు వేసేవాళ్ల చూపు కాదది. నేను తల వంచుకునే మొదలుపెట్టాను. మందులో నానీ నానీ ఇలా పాలిపోయింది గానీ, బతికున్నప్పుడు ఈ సంచి నీలంగా, అంచుల్లో గులాబీ రంగుతో మెరుస్తుందని చెప్పాను. దాన్నిండా వాయువు ఉంటుంది, నీటి మీద అదే దానికి తెరచాప. కింద వేలాడే దారాలు బారలకొద్దీ పొడవుంటాయి. వాటి నిండా కంటికి కనబడని విషపు కణాలు, ఒక్కో కణంలో చుట్ట చుట్టుకున్న సన్నటి ముల్లు. ఏదైనా తగిలితే చాలు, అది బయటికి దూకి గుచ్చుకుంటుంది. చేప కదల్లేక ఆగిపోతుంది. ఒడ్డున పడి చచ్చాక కూడా తాకితే గుచ్చుతుంది.

"సచ్చినంక సుతనా?"

"ఆ."

"మా అత్త లెక్క" అంది ఎస్తేరమ్మ.

నేను నవ్వాను. ఆ ల్యాబులో పైకి వినబడేలా నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు ఆవిడే సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "మరి దీని నోరేది? రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది." పొట్టి గొట్టాల్లాంటి వాటిని చూపించాను. తినేవి అవే. అవి వేటాడవు. వేటాడే దారాలు తినవు. పిల్లల్ని పుట్టించే గుత్తులు వేరే. వీటిలో ప్రతి ఒక్కటీ నిజానికి ఒక్కో జీవి అని, అన్నీ కలిసి ఒక సంచి కింద బతుకుతాయని అన్నాను.

"నిన్న ఒక్క జంతువన్నవ్ గదా?"

"తప్పు చెప్పాను."

"ఏం కాదు. మల్ల చెప్పు."

తప్పు చెప్పినందుకు ఆవిడ స్టూలు మీద నుంచి లేచిపోలేదు. మళ్లీ చెప్పాను. అన్నీ ఒకే గుడ్డు నుంచి, ఒకదాని పక్కన ఒకటి మొగ్గ తొడిగినట్టు వస్తాయన్నాను. ఎస్తేరమ్మ కళ్లజోడు సవరించుకుని సీసాకు ముఖం ఆనించింది.

"విడదీస్తే బతుకుతయా?"

"బతకవు."

"బతకకపోతే మరి మంది ఎట్లయితరు? ఒక్కటే గది."

"పుస్తకంలో గుంపు అనే ఉంది."

"పుస్తకం ముచ్చట గాదు పిల్లా. నువ్వేమంటవ్?"

ఆ మాట అంతకుముందు నన్నెవరూ అడగలేదు. మూడు రోజులు వాదించుకున్నాం. ఒకరోజు నేను గుంపంటే ఆవిడ ఒక్కటే అంది. మర్నాటికి ఇద్దరం పక్షాలు మార్చుకున్నాం. నా గొంతు వరండా దాకా వినబడుతోందని మేడమ్ తలుపులోంచి తొంగిచూసి వెళ్లారు.

పరీక్ష రోజున వేరే ఎగ్జామినర్ వచ్చారు. కలిసి బతికే జీవుల గురించి అడగాలంటే ఎవరైనా ఫైసేలియానే ఎంచుకుంటారు, ఆయనా దాన్నే ముందుకు జరిపారు. "చెప్పమ్మా." నేను సీసా మీద నుంచి కళ్లెత్తాను. ఎస్తేరమ్మ దూరంగా, అటు తిరిగి, ట్రే తుడుస్తోంది. సాయం చేయకూడదని ఆవిడకు తెలుసు, అందుకే నావైపు తిరగలేదు. కానీ చేతిలో గుడ్డ ఒకేచోట ఆగిపోయింది. వింటోంది. నేను ఆ వీపుకు చెప్పడం మొదలుపెట్టాను. తెలుగులోనే చెప్పాను. సంచి, దారాలు, ముళ్లు, తినేవి, కనేవి. ఆయన ఆపలేదు. చివర అడిగారు.

"ఇంతకీ ఇది ఒకటా, చాలానా?"

"తెలియదు సార్. పుస్తకంలో గుంపని ఉంది. మేం మూడు రోజులు వాదించుకున్నాం. తేలలేదు."

"మేం అంటే?"

నేను ఎస్తేరమ్మ వైపు చెయ్యి చూపించాను. ఆయన కుర్చీలో అటు తిరిగారు. "మీరేమంటారమ్మా?"

"నన్నడుగుతరేంది సారూ? పరీక్ష పిల్లది. నేను పాసయి ఏం జేస్త?"

ఆయన గట్టిగా నవ్వి నా పేరు పక్కన ఏదో రాసుకున్నారు. నేను షాపులో కూర్చోలేదు.

ఎస్తేరమ్మ రిటైరయ్యాక సీతాఫల్‌మండిలో ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. గల్లీ అంతా వచ్చారు, నేనూ వెళ్లాను. పాటలయ్యాక ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు తన ఇద్దరు బిడ్డల్ని ఎలా కాపాడాడో చెప్పి, అక్కడి నుంచి తిన్నగా సీసాల్లోకి వెళ్లింది. "ఒకటున్నది, నీలం సంచి. అండ్ల తినేది వేరే, కుట్టేది వేరే. సముద్రంల ఈదుకుంట ఈదుకుంట పోతది..."

"ఈదదు ఎస్తేరమ్మా" అన్నాను. "గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఈత రాదు దానికి."

కుర్చీలన్నీ కిర్రుమని నా వైపు తిరిగాయి. పాస్టరుగారు ఉత్సాహంగా ముందుకు వంగారు. "చూశారా, మన సంఘం కూడా సరిగ్గా..."

"సంఘం ముచ్చట తర్వాత చెప్పుండ్రి అయ్యగారూ" అంది ఎస్తేరమ్మ. "జెర పిల్లను చెప్పనియ్యుండ్రి."

నేను నిలబడి చెప్పాను. పిల్లలు ప్రశ్నలు వేశారు, జవాబులిచ్చాను. అంతమందిలో గొంతు వణకలేదన్న సంగతి తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. ఎందుకు వణకలేదో కూడా అప్పుడే అర్థమైంది. ముందు వరుసలో ఎస్తేరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎన్నిసార్లో విన్నదాన్ని కొత్తగా వింటున్నట్టు చూస్తూ కూర్చుంది. నేను ఆవిడకే చెప్పాను. మిగతావాళ్లు విన్నారు.

ఇప్పటికీ నలుగురి ముందు నిలబడాల్సి వస్తే, ఆ నలుగురిలో నిజంగా తెలుసుకోవాలని ఉన్న ముఖం ఒకటి వెతుక్కుంటాను. వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్లకు చెప్తాను.