డబుల్ ప్లేటు బావ, గాల్లో తేలే కుర్చీ

మా వీధి మలుపులో మా బావ చేసిన గేటు ఒకటుంది. ఒకసారి వెనక్కి వస్తున్న లారీ దాన్ని గుద్దింది. లారీ షెడ్డుకెళ్ళింది. గేటు మాత్రం ఆ సాయంత్రం యథాప్రకారం తెరుచుకుంది. ఆ ఇంటాయన లారీ డ్రైవరు మీద కోప్పడాల్సింది పోయి, జాలిపడి టీ ఇప్పించాడట.

మా బావంటే అదీ. మా అక్క మొగుడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల కమ్మీలు చేస్తాడు. ఒక ప్లేటు సరిపోయే చోట రెండు వేస్తాడు, రెండు సరిపోయే చోట మూడోది కూడా వేసి "పడి ఉంటుందిలే" అంటాడు. దోమతెర బిగించమంటే జైలు ఊచలు బిగించే రకం. అందుకే ఊరంతా అతన్ని డబుల్ ప్లేటు అంటుంది. ఆ పేరంటే బావకి కోపం లేదు సరికదా, లోపల్లోపల కాస్త గర్వం కూడా.

బావ షెడ్డుకీ నా షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. అతను కోసి, అతికిస్తాడు. నేను ఆకురాయి పట్టి అంచుల గరుకు తీసి, పాలిష్ మిషను మీద నున్నగా చేస్తాను. నాకు ముక్కు మీదే కోపమని అందరూ అంటారు. రోజంతా ఇంకొకళ్ళ తొందరపాటుని రాకి రాకి సాపు చేసేదానికి కోపం రాక ఇంకేమొస్తుంది? మా అక్క తీరు వేరు. ఆవిడ డ్రైవింగు స్కూల్లో కార్లు నేర్పుతుంది. బ్రేకుకీ యాక్సిలరేటరుకీ తేడా తెలియని వాళ్ళ పక్కన రోజూ నవ్వుతూ కూర్చునే మనిషి. ఆమెని చూస్తే భయమే పక్కకి తప్పుకుంటుంది.

నేలకి అంత గట్టిగా అతుక్కుపోయిన బావకి ఎగరాలన్న కోరిక ఎలా పుట్టిందంటే, ఊరి బయట చిన్న విమానాలు దిగే మైదానం ఉంది. దానికి గేటు పెట్టడానికి వెళ్ళాడు. అక్కడ ఒక జైరోప్లేను దిగడం చూశాడు. ఒక కుర్చీ, కుర్చీ వెనకాల ముందుకి తోసే ఇంజను పంకా, నెత్తి మీద పొడుగాటి రెక్క. ఆ పై రెక్కకి ఇంజనుతో పని లేదు. బండి ముందుకి పరిగెడితే తగిలే గాలికి దానంతట అదే గిర్రున తిరిగి మనిషిని పైకెత్తుతుంది. బావ నోరు తెరుచుకుని చూసి ఇంటికొచ్చి, "అందులో గేటుకన్నా ముక్కలు తక్కువ. నేనే చేస్తా, నేనే ఎగురుతా" అన్నాడు.

"చేతులు కడుక్కుని రండి, భోజనం చల్లారిపోతోంది" అంది అక్క. ఆవిడ అనుమతి అంటే అలాగే ఉంటుంది.

మైదానంలో ఎగరడం నేర్పే పెద్దాయన ఒకరున్నారు. అందరూ కెప్టెన్ గారు అంటారు. సన్నగా, నిటారుగా ఉంటారు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడరు. ఆయన రెండు సీట్ల యంత్రంలోనే బావ నడపడం నేర్చుకున్నాడు. ఆయన దగ్గరే ప్లాను కూడా తెచ్చుకున్నాడు. ఇంజను, పై రెక్క కొన్నాడు. తక్కిన ప్రతి ముక్కా షెడ్డులోనే తయారైంది. పొడుగాటి అడుగు గొట్టం, దాని మీద నిలబడే స్తంభం, కుర్చీ చట్రం, తోక, కాళ్ళ పెడళ్ళు, పట్టుకుని నడిపే చేతి కర్ర.

ప్లానులో ప్రతిదానికీ మందం రాసే ఉంది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. ఒక పలక గీసిన చోటల్లా బావ రెండు పలకలు వేశాడు. అల్యూమినియం అని ఉన్నచోట చాటుగా ఉక్కు దూర్చాడు. పలక పెరిగిన కొద్దీ నాకు అంచులు పెరిగాయి.

"బావా, ఇది విమానమా, బ్యాంకు లాకరా?" అన్నాను ఒకరోజు ఆకురాయి బల్ల మీద విసిరికొట్టి.

"ఉండనీవే మరదలా. దారిలో ఊడితే బిగించుకోడానికి పైన వర్క్‌షాపు ఉండదుగా!"

చూడ్డానికి మాత్రం భలే ఉండేది. నా పాలిష్ గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్తాను. ఆ తోకలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. దాన్ని లారీ మీద మైదానానికి తీసుకెళ్ళాం. కెప్టెన్ గారు మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి, బావని కుర్చీలో కూర్చోబెట్టి, అంకెలు కూడారు. ఇంకోసారి కూడారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ ఇంజను మోయగలిగిన దానికన్నా పంతొమ్మిది కిలోలు ఎక్కువుందండీ. ఇందులో మీకైనా చోటుంది, మీ ప్లేట్లకైనా చోటుంది. ఇద్దరికీ లేదు. ఎవర్ని దింపుతారో మీ ఇష్టం."

ఎవరైనా ప్లేట్లు దింపుతారు. మా బావ తనని దింపుకుందామనుకున్నాడు.

"పని మీద చెయ్యి వెయ్యను. ఒళ్ళే తగ్గిస్తా" అని ప్రకటించాడు. అక్క ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి రెండో వడ్డింపు బంద్. పొద్దున్నే ఆవిడ కారులో కొత్తవాళ్ళకి పాఠం చెప్తుంటే, వెనకాల బావ పరుగు. కొత్తవాళ్ళు ఎలాగూ నడక వేగంతోనే నడుపుతారు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. నాలుగు కిలోలు తగ్గాడు. కానీ ఆకలికి బుర్ర పనిచెయ్యక ఒకాయన గేటుకి పొరపాటున ఒంటి ప్లేటు వేసి పంపించాడు. ఆయన గేటు తిరిగి తెచ్చి షెడ్డు ముందు దించి, "మీ దగ్గరికి వచ్చేది ఇందుకా?" అని నానా మాటలూ అన్నాడు. ఆ దెబ్బకి బావ ఆకలి వ్రతం ఆగిపోయింది.

చివరికి యంత్రాన్ని షెడ్డుకి తెచ్చుకుని, గుండె రాయి చేసుకుని విప్పడం మొదలెట్టాడు. కుర్చీ చట్రం మళ్ళీ చేశాడు, ఈసారి ప్లానులో ఉన్నట్టే. తోక పట్టీలు మళ్ళీ చేశాడు. పెడళ్ళు మళ్ళీ చేశాడు. ఒక్కో ప్లేటు తీసినప్పుడల్లా పన్ను పీకించుకున్నవాడిలా దవడ పట్టుకుని కూర్చునేవాడు. తీసిన ఇనుమంతా కలిపి షెడ్డు ముందు ఒక బెంచీ చేశాడు. దాన్ని జరపాలంటే ఇప్పటికీ నలుగురు కావాలి.

ఇంక మిగిలింది ఒక్కచోటు. స్తంభం అడుగున, అడుగు గొట్టానికి దాన్ని పట్టి ఉంచే పలకలు. పై రెక్క స్తంభాన్ని ఎత్తుతుంది, స్తంభం ఆ పలకల ద్వారానే కుర్చీనీ మనిషినీ ఎత్తుతుంది. ప్లానులో అటొకటి, ఇటొకటి. బావ వేసినవి అటు రెండు, ఇటు రెండు. అవి ఉన్నంతసేపూ కాటా రెండు కిలోలు ఎక్కువే చూపిస్తోంది.

"అది మాత్రం అడక్కండి" అన్నాడు బావ. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అక్క చెప్పింది, వినలేదు. కెప్టెన్ గారు ఫోన్లో చెప్పారు, వినలేదు. రెండు కిలోలు ఎక్కువున్నా ఎగరనివ్వనని ఆయనా భీష్మించుకున్నారు.

ఆ సాయంత్రం బావ యంత్రం మీద గుడ్డ కప్పేశాడు. "పోనీలే. చెయ్యడం వరకే నా సరదా అనుకుంటా" అన్నాడు నవ్వుతూ. ఇన్నేళ్ళలో అతను తనకోసం ఏదైనా కావాలనుకోవడం అదే మొదటిసారి. అది ఒక పలక మందాన ఆగిపోతోంది. నాకు దుఃఖం వస్తే అది కోపంగానే బయటికొస్తుంది. గుడ్డ లాగి అవతల పారేశాను.

"ఇలా రా" అని నా షెడ్డులోకి లాక్కెళ్ళాను. అల్యూమినియం బద్దలు రెండు తీశాను. మందమైన బద్ద అంచుల్ని కోసింది కోసినట్టే గరుగ్గా వదిలేసి, అడ్డంగా సూదితో ఒక గీత లోతుగా గీశాను. పల్చటిదాని అంచులు గుండ్రంగా రాకి నున్నగా చేశాను. రెండూ బల్ల మీది వైసులో బిగించి, "వంచు" అన్నాను. అటూ ఇటూ వంచాడు. మందంది కాసేపటికే గీత దగ్గర పుటుక్కున విరిగింది. పల్చటిది వంగుతూనే ఉంది.

బావ విరిగిన ముక్క వెలుతురుకి పట్టి చూశాడు. "గీత దగ్గరే పోయింది" అన్నాడు మెల్లగా.

"మరి! నువ్వు రెండు పలకలు కలిపి బిగిస్తే వాటి మధ్యకి నా వేలు దూరుతుందా, నీ కన్ను దూరుతుందా? లోపల ఏ గీత పగులుగా మారుతోందో ఎవరికి తెలుస్తుంది? ఒకటే ఉంటే ఎగిరే ముందు రోజూ చూసుకోవచ్చు. బలం పెంచుతున్నాననుకుని దాపరికం పెంచుతున్నావు బావా!"

బావ విరిగిన ముక్కని బల్ల మీద పెట్టాడు. తర్వాత పలక రేకు తీసుకుని ప్లాను ప్రకారం పెన్సిలుతో కొలతలు గీశాడు.

అతను కోశాడు, బోల్టుల కోసం రంధ్రాలు వేశాడు. మిగతాది నా పని. రంధ్రం అంచున వేలికి గుచ్చుకునే గరుకు పూర్తిగా పోవాలి, అలాగని రంధ్రం వెడల్పు కాకూడదు. మూలలు గుండ్రంగా రావాలి. ఎమరీ పేపరు ముందు ముతకది, తర్వాత సన్నది, ఎప్పుడూ పొడుగు వైపే పట్టాలి. అడ్డంగా ఒక్క గీత కనబడినా మళ్ళీ మొదటికి. నా జన్మలో ఏ వస్తువునీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. పూర్తయ్యాక బావ చేతిలో పెట్టాను. బొటనవేలుతో అంచంతా తడిమాడు.

"బ్రహ్మాండంగా ఉందే. కానీ ఒకటే కదా" అన్నాడు దీనంగా.

తలప్రాణం తోకకొచ్చింది. కెప్టెన్ గారే ఉపాయం చెప్పారు. ఎలాగూ ఎగిరే ముందు యంత్రాన్ని పై రెక్క బోల్టు దగ్గర పట్టి వేలాడదీసి, సమంగా ఉందో లేదో చూడాలట. అప్పుడే పలకలు ఎంత బరువు ఆపుతాయో కూడా చూసేద్దామన్నారు. ఆయన షెడ్డుకొచ్చి దగ్గరుండగా, దూలానికి గొలుసు వేసి పైకి లాగాం. చక్రాలు నేలకి జానెడు ఎత్తులో ఆగాయి. బావ కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి తిప్పి పలకల్నే చూస్తున్నాడు. ఏం కాలేదు.

అప్పుడే అక్క స్కూలు నుంచి వచ్చింది. కారు తాళాలు నా చేతిలో పడేసి, "జరగండి" అంటూ వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుంది. నేను అడుగు గొట్టం ఒక పక్క ఎక్కాను. టీ కొట్టాయన బాగా లావు. ఖాళీ గ్లాసుల కోసం వచ్చినవాణ్ణి పట్టుకుని రెండో పక్క ఎక్కించాం.

"కిర్రుమంది! కిర్రుమంది!" అని అరిచాడు బావ.

"అది నా మోకాలు బాబూ" అన్నాడు టీ కొట్టాయన.

ఊగినప్పుడల్లా నవ్వు, నవ్వినప్పుడల్లా ఊపు. దిగాక బోల్టులు విప్పి, భూతద్దం పెట్టి ప్రతి రంధ్రం చూశాం. వెంట్రుకంత కూడా సాగలేదు. "పైన ఇంతకన్నా ఎక్కువ బరువు పడేలా నడిపారంటే మీ లైసెన్సు నేనే లాక్కుంటా" అన్నారు కెప్టెన్ గారు. మా కంటపడిన ఆయన మొదటి నవ్వు అదే.

ఈసారి కాటా లెక్క సరిపోయింది. కెప్టెన్ గారు బావ చేత కొన్నాళ్ళు యంత్రాన్ని నేల మీద పరుగులు పెట్టించి, మోకాలెత్తు గెంతులు వేయించి, గాలి లేని ఒక ఉదయం "ఇవాళ వెళ్ళండి" అన్నారు. బావ జేబులోంచి స్కూటరు అద్దం ఒకటి తీసి కుర్చీ ముందున్న కమ్మీకి బిగించాడు. ఎందుకంటే వెనకాల ఉన్న పలకలు కనబడ్డానికట. "దాని బరువు కూడా లెక్కేస్తానండోయ్" అన్నారు కెప్టెన్ గారు గానీ, వదిలేశారు.

ఇంజను మోగింది. పై రెక్క మెల్లగా తిరిగి, తర్వాత కంటికి కనబడకుండా పోయింది. యంత్రం పరిగెత్తింది, ముందు చక్రం లేచింది, ఆ తర్వాత దాని కింద నీడ విడిగా పరిగెత్తడం చూశాను. ఎగిరాడు! నేను మామూలుగా అరిచే రకమే, కానీ అలా ఎప్పుడూ అరవలేదు. పక్కకి చూస్తే అక్క చెయ్యి ఊపుతోంది, మొహం నవ్వుతోంది, కుడికాలు మాత్రం నేలని గట్టిగా నొక్కుతోంది. లేని బ్రేకుని అంత గట్టిగా నొక్కడం చూశాక, ఈవిడకి భయం లేదని ఇన్నాళ్ళూ ఎందుకనుకున్నానా అనిపించింది.

మైదానం చుట్టూ తిరిగి, చక్కగా దిగాడు. మేం పరిగెత్తాం.

"ఒక్క బోల్టు కదల్లేదు!" అన్నాడు బావ.

"అది కాదండీ. పైనుంచి ఎలా ఉంది? మన వీధి కనబడిందా? నేను చెయ్యి ఊపాను, చూశారా?" అంది అక్క.

బావ బిక్కమొహం వేశాడు. "లేదే. పలకల్నే చూస్తూ ఉండిపోయా."

అక్క వంగి, స్క్రూ తిప్పి, అద్దం ఊడదీసి కొంగులో వేసుకుంది. "ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అందరికీ అద్దం చూడమనే చెప్పాను. మీ ఒక్కరికే చెప్తున్నా, చూడకండి. మా చెల్లి చేసింది, మీరు చేశారు, నేను కూర్చుని చూశాను. ఇంకేం కావాలి? వెళ్ళండి, ఈసారి కిందకి చూడండి."

కెప్టెన్ గారు పలకలు, బోల్టులు మరోసారి చూసి తలూపారు. బావ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మా నెత్తి మీదుగా వచ్చేసరికి కిందకి వంగి చూశాడు. మమ్మల్ని చూశాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూనే రెండు చేతులూ ఊపింది. బావ కూడా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఎంతసేపు ఊపాడంటే, ఎప్పుడూ గొంతు పెంచని కెప్టెన్ గారు మైదానమంతా వినబడేలా "కర్ర పట్టుకోవయ్యా బాబూ!" అని అరవాల్సొచ్చింది.