అత్త గిన్నెలో జిమ్మీ వాటా

మా మేనత్త పోయింది. కర్గీ రోడ్ స్టేషన్లో మా ఆయన అసిస్టెంటు మాస్టరు. బిలాస్‌పూర్‌లోని మా పుట్టింటి నుంచి ఫోనులో కబురు వచ్చిందట. గూడ్సు బండికి జెండా ఊపి, ఆ జెండా చంకలో పెట్టుకునే క్వార్టరుకు వచ్చి, "మీ అత్తయ్య పోయారట" అన్నారు. నేనెక్కిన పాసింజరు మిలిటరీ బళ్ళకు దారిస్తూ ప్రతిచోటా ఆగింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "మహాతల్లి, నోరు తెరిచి ఒక్కటి అడిగి ఎరగదు." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అడగకపోవడం ఆవిడ గొప్ప ఎలా అయింది? అడిగేలా ఉంచామా అని ఒక్కరైనా అనుకోవాలి కదా. అయినా ఆవిడ తనకోసం అడిగింది, ఒకే ఒక్కసారి. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ నాన్నకు అక్క. కాపురానికి వెళ్ళకముందే భర్త పోయాడు. నాన్నకు రైల్వేలో గుమాస్తా పని దొరికి, విజయనగరం పక్క పల్లె వదిలి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు తనూ వెంట వచ్చింది. వచ్చింది అనడం మర్యాదకి. నిజానికి వంటకి తెచ్చుకున్నారు. మా అందరికీ ఉల్లిపాయ పులుసు, ఉల్లిపాయ వేపుడు చేసి, పొయ్యి అలికి, మళ్ళీ స్నానం చేసి, అప్పుడు తన చిన్న ఇత్తడి గిన్నె పెట్టుకునేది. అందులో ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. రోజుకి ఒక్క పూటే భోజనం. వెనక వరండాలో పీట వేసుకుని, గోడవైపు తిరిగి తినేది.

బదిలీ మీద పోతూ ఒక గార్డు దొర తన కుక్కపిల్లని నాన్నకి అంటగట్టాడు. దాని పేరు జిమ్మీ. క్వార్టర్లలో దొంగల భయం ఉండేది కనుక నాన్న సరేనన్నాడు. మేం తిని మిగిలిన పులుసన్నమే దాని తిండి. కొన్నాళ్ళకి అది నీరసించిపోయింది, లేచి మొరిగే ఓపిక కూడా లేదు. ఆ సంగతి కనిపెట్టింది అత్తే.

"నా గిన్నెలోది తిన్న రోజు బాగానే ఉంటంది. మీ పులుసన్నం తింటేనే పడిపోతంది. ఉల్లిపాయ దానికి పడటంలేదు, మానీండి" అంది అమ్మతో.

"మనం తిన్నదే దానికీ పెడతన్నాం. అందులో తప్పేటి వదినా?" అంది అమ్మ.

నాన్న పేపరు దించి నవ్వాడు. "అచ్ఛా, అక్క కుక్కక్కూడా మడి కట్టించీసింది."

ఆ నవ్వుతో ఇంట్లో ఆ సంగతి ముగిసింది. ఆ రోజు నుంచి జిమ్మీ తిండి అత్త గిన్నెలోంచే వెళ్ళింది. ఇంకో పిడికెడు బియ్యం పోసుకో అని ఎవరూ అనలేదు. ఆవిడా పోసుకోలేదు. తన ఒంటిపూట భోజనంలోంచే దానికి వాటా తీసింది. వీధివాళ్ళు జిమ్మీని విధవరాలి కుక్క అనేవాళ్ళు. మా అమ్మే అది నవ్వుతూ ఇంట్లో చెప్పింది.

దానికి పెట్టడంలో ఆవిడ పద్ధతి చూసి తీరాలి. గుమ్మడికాయ ముక్కలు ఉడికాక, ఉప్పూ చింతపండూ వెయ్యకముందే, దాని వాటా పక్కకి తీసేది. చిలగడదుంప ఉడకబెట్టి, తొక్క తీసి, వేలితో నొక్కి చూసి, చల్లారాకే పెట్టేది. కారట్టు దొరికితే సన్నగా తరిగేది. బొప్పాయి గింజలన్నీ గీకేసేది. పుచ్చకాయైతే గింజలు ఏరి ఎర్రటి ముక్క మాత్రమే. మామిడిపండు చెక్క కోసి పెట్టి, టెంక మాత్రం దూరంగా పారేసి వచ్చేది, గొంతుకి అడ్డం పడుతుందని. పండు ఎంత బాగున్నా ఒకటి రెండు ముక్కలు దాటనిచ్చేది కాదు. అన్నంలోకి ఉప్పులేని పప్పు, పెరుగు. ఒకసారి ద్రాక్షపళ్ళు తిని వాంతి చేసుకుంటే మళ్ళీ వాటిని దాని దరికి రానివ్వలేదు.

సీతాఫలాల రోజుల్లో గుజ్జులోంచి ఒక్కొక్క గింజే తీస్తూ కూర్చునేది. జిమ్మీ ఆ చేతివంకే చూస్తూ కూర్చునేది. "కుక్కకి ఇంత సేవేటి అత్తా?" అంటే, "దానికి నోరుంది గానీ ఒలుచుకోడానికి చేతుల్లేవు కదే" అనేది.

ఒకరోజు మా కోసం ఉల్లిపాయలు తరుగుతోంది. నేను పక్కనే ఉన్నాను. "నువ్వూ ఉల్లిపాయ తినవు, జిమ్మీ కూడా తినదు. మీరిద్దరూ ఒకటే" అన్నాను. అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఒకటెలాగవుతామే? దానికి పడదు. నాకు పడకేటి? వద్దన్నారు, మానీసాను. చిన్నప్పుడు చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తినేదాన్ని. ఎంత బాగుండేదో."

కళ్ళు తుడుచుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. అవి ఉల్లిపాయలు తెప్పించిన నీళ్ళే, ఆవిడ ఊరికే ఏడ్చే మనిషి కాదు.

జీవితం మొత్తంలో ఒక్కసారి ఆవిడని పూరీ యాత్రకి పంపించారు, నాన్నకి పాసు వచ్చిన ఏడు. అమ్మకి జిమ్మీ మీద జాలి కలిగింది. "పాపం, దానికీ రుచిగా పెడదాం" అని రోజూ ఉల్లిపాయ పులుసన్నంలో నెయ్యి వేసి మరీ పెట్టింది. మా అమ్మ చెడ్డది కాదు. అదే నాకు మరింత కోపం. అత్త తిరిగి వచ్చేసరికి జిమ్మీ లేవలేక తోకమాత్రం కదిపింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, ఉచ్చ ఎర్రగా పడుతోంది. అత్త ప్రసాదం మూట కూడా విప్పలేదు. దాని పక్కనే కూర్చుని పెరుగన్నం పలచగా పిసికి వేలితో నాకించింది. మెల్లగా గుమ్మడికాయ గుజ్జు అలవాటు చేసింది. అది బతికింది. అమ్మని ఒక్కమాట తిట్టలేదు. "నేను పోయాక దీన్ని చంపీకండి" అంది, అంతే.

ఇక ఈ కర్మల రోజుల్లో జరిగింది చెప్తాను. చుట్టాలు పడుకున్నాక అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, చాలా జాలిగా నాతో ఇలా అంది:

"ఆఖర్న మతి తప్పింది పాపం వదినకి. ఉల్లిపాయ పులుసు కావాలంది. ఒక్క ముద్ద పెట్టమంది."

"పెట్టావా?"

"ఎలాగ పెడతాను? ఇన్నేళ్ళ నియమం ఆఖర్న పాడుచేస్తామేటి? మీ నాన్న తులసి నీళ్ళు పోసారు."

మతి తప్పిందట. అదే పూట మంచం మీంచే, జిమ్మీకి పెట్టే బొప్పాయిలో గింజ ఉండిపోయిందని అమ్మకి చూపించిందట. అదీ అమ్మే చెప్పింది. గింజ కనిపెట్టిన మనిషికి మతి ఎక్కడ తప్పిందో నాకు అర్థం కాలేదు. నాన్నని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కర్మలన్నీ అయ్యాయి. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉల్లి వండలేదు. మర్నాడు పొద్దున్నే ఇల్లంతా ఉల్లిపాయ పులుసు వాసన. అందరూ తిన్నారు. అమ్మ ఒక విస్తరిలో అన్నం పెట్టి, పులుసు పోసి, పెద్ద పెద్ద ఉల్లిపాయ ముక్కలు ఏరి వేసి, వెనక వరండాలో జిమ్మీ ముందు పెట్టింది.

"తినవే, మీ అమ్మ పోయింది. నిన్ను మేం చూసుకుంటాం" అంది దానితో. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

జిమ్మీ వాసన చూసింది, ముట్టలేదు. గోడవారన బోర్లించిన ఇత్తడి గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఆకలికి ఎంతసేపు ఆగుతుంది? నేను వెళ్ళి విస్తరి తీసేశాను. గిన్నె కడిగి గుమ్మడికాయ ముక్కలు ఉడకబెట్టాను. ఉప్పు వెయ్యలేదు. చల్లారాక మెత్తగా చిదిమి దానికి పెట్టాను. రేపు దాన్ని నాతో కర్గీ రోడ్ తీసుకుపోతానని ఇంట్లో చెప్పాను. వద్దని ఎవరూ అనలేదు.

తర్వాత అత్త పీట తెచ్చి వాల్చాను, గోడవైపు కాదు, ఇంట్లోకి తిరిగి ఉండేలా. ఆ ఉల్లిపాయ పులుసన్నం విస్తరి పీట ముందు పెట్టాను.

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. "ఏటే ఇది?" అన్నాడు.

"అత్త అడిగింది కదా" అన్నాను.

జిమ్మీ తిండి ముగించి గిన్నె అడుగు నాకుతోంది. పీట ముందు విస్తరిలో పులుసు చల్లారి, ఉల్లిపాయ ముక్కల చుట్టూ చీమలు చేరుతున్నాయి.